టవల్ తెల్లబడింది, మరి నా ముఖం?

ప్రశ్న: నా వయసు 23. ఐదారేళ్ళుగా మొటిమలతో బాధపడుతున్నాను. బుగ్గల మీద, గడ్డం మీద ఎర్రగా వస్తాయి, కొన్ని చీము పడతాయి. ఫ్రెండ్ చెప్పిందని 10 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ తెచ్చుకున్నాను. తొందరగా తగ్గాలని రోజుకు రెండుసార్లు, మొటిమ ఉన్న చోటల్లా మందంగా పట్టించాను. నాలుగో రోజుకే ముఖం మండిపోయింది, పొట్టు లేచింది. నీలం టవల్ మీద, దిండు గలీబు మీద తెల్లటి మచ్చలు పడ్డాయి. అవి చూసి అమ్మ "గుడ్డనే ఇలా చేసింది, ముఖాన్ని ఊరికే వదుల్తుందా? పారెయ్" అంది. భయమేసి రెండు వారాలకే ఆపేశాను. మొటిమలు మాత్రం అలాగే ఉన్నాయి. అసలిది మందా, బ్లీచా? మళ్ళీ మొదలుపెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారు అడిగింది చాలా మంచి ప్రశ్న. ట్యూబు మీద రాసింది చదివేవాళ్ళు ఉంటారు గానీ, టవల్ మీద పడ్డ మచ్చను చూసి ఆలోచించేవాళ్ళు తక్కువ. ఈ మందు ఎలా పనిచేస్తుందో ఆ మచ్చే చెబుతుంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

బెంజాయిల్ పెరాక్సైడ్ అణువు నడిమధ్యలో రెండు ఆక్సిజన్ పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు బలహీనమైంది. వేడికి వదులుతుంది, చర్మంలోకి చేరినా వదులుతుంది. వదిలిన క్షణాన ఫ్రీ రాడికల్స్ అనే తుంటరి ముక్కలు పుడతాయి. వాటికి నిలకడ ఉండదు. పక్కన ఏది దొరికితే దాని మీద పడి దాని రూపం చెడగొడతాయి. మీ టవల్ మీద వాటికి దొరికింది నీలం రంగు. రంగు అణువు విరిగితే రంగు పోతుంది, గుడ్డ తెల్లబడుతుంది. ఆ లెక్కన ఇది బ్లీచే, అమ్మగారి మాటలో అబద్ధం లేదు. కాకపోతే మొటిమలో వాటికి దొరికేది రంగు కాదు, బ్యాక్టీరియా.

ఆ బ్యాక్టీరియా ఎక్కడ కాపురం ఉంటుందో తెలియాలంటే మొటిమ ఎలా పుడుతుందో చూడాలి. చర్మం మీద ప్రతి వెంట్రుకకూ ఒక సన్నటి గొట్టం ఉంటుంది, దాన్ని రోమకూపం అంటారు. దాని పక్కనే ఉన్న నూనె గ్రంథి జిడ్డును అందులోకి వదులుతుంది, అది పైకి వచ్చి చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. ఈడు వచ్చాక హార్మోన్ల వల్ల ఆ గ్రంథి ఎక్కువ జిడ్డు తయారుచేస్తుంది. అదే సమయంలో గొట్టం లోపలి గోడనుంచి రాలాల్సిన మృతకణాలు సరిగా రాలకుండా జిడ్డుతో కలిసి ముద్దకట్టి దారికి అడ్డం పడతాయి. మూతపడిన ఆ గొట్టంలో గాలి తక్కువ, తిండి ఎక్కువ. క్యుటిబాక్టీరియం యాక్నిస్ అనే బ్యాక్టీరియాకు అంతకంటే ఏం కావాలి? (పాత పుస్తకాల్లో ప్రొపియోనిబాక్టీరియం అని చదివి ఉంటే అదీ ఇదే, 2016లో పేరు మార్చారు.) ఇది అందరి చర్మం మీదా ఉండేదే, మామూలుగా దాని పని అది చేసుకుపోతుంది. మూసుకున్న గొట్టంలో మాత్రం విపరీతంగా పెరుగుతుంది, జిడ్డును విరగ్గొట్టి మంట పుట్టించే పదార్థాలు వదులుతుంది. శరీరం దాని మీద యుద్ధానికి దిగుతుంది. మనకు కనబడే ఎరుపు, వాపు, చీము అన్నీ ఆ యుద్ధం తాలూకువే.

బెంజాయిల్ పెరాక్సైడ్‌కు కొవ్వులో కరిగే గుణం ఉంది కాబట్టి జిడ్డు నిండిన ఆ గొట్టంలోకి తేలిగ్గా దిగుతుంది. అక్కడ విరిగి, గాలి తగలని చోట హాయిగా బతికే బ్యాక్టీరియా మీదికి ఆక్సిజన్ రాడికల్స్‌ను వదులుతుంది. కొద్ది రోజుల్లోనే వాటి సంఖ్య బాగా పడిపోతుంది. రెండో పని కూడా కొంత చేస్తుంది: అడ్డంపడ్డ మృతకణాల ముద్దను వదులు చేసి దారి తెరుస్తుంది. ఈ రెండో పనిలో దీనికంటే అడాపలీన్ లాంటి రెటినాయిడ్లు (విటమిన్ ఎ జాతి మందులు) గట్టివి. జిడ్డు తయారవడాన్ని మాత్రం ఇది తగ్గించదు. ముఖం పొడిబారుతుంది కాబట్టి జిడ్డు తగ్గిందని అనిపిస్తుందంతే.

బ్యాక్టీరియాను చంపడానికి యాంటీబయాటిక్ క్రీమ్ చాలదా అని అడుగుతారు. క్లిండమైసిన్ లాంటి యాంటీబయాటిక్ బ్యాక్టీరియాలో ఒకానొక చోట గురిచూసి కొడుతుంది. ఆ ఒక్కచోట చిన్న మార్పు చేసుకోగలిగిన బ్యాక్టీరియా బతికిపోతుంది, దాని సంతానమూ బతుకుతుంది, కొన్ని నెలలకు ఆ క్రీమ్ పనిచేయడం మానేయొచ్చు. ఆక్సిజన్ రాడికల్స్‌కు గురి ఉండదు. గోడ, ప్రొటీన్, ఏది ఎదురైతే దాన్నే పాడుచేస్తాయి. ఎక్కడని మార్చుకుంటుంది? దశాబ్దాలుగా వాడుతున్నా ఈ మందుకు లొంగని మొటిమల బ్యాక్టీరియా తయారవకపోవడానికి కారణం అదే. అందుకే డాక్టర్లు యాంటీబయాటిక్ క్రీమ్ రాసినప్పుడు దానికి తోడుగా బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా రాస్తారు, ఒకదాని నుంచి తప్పించుకున్నది రెండోదానికి దొరుకుతుందని. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2024లో విడుదల చేసిన మొటిమల మార్గదర్శకాల్లో గట్టిగా సిఫారసు చేసిన పైపూత మందుల్లో ఇదొకటి. మార్కెట్లో కొత్త సీరమ్‌లు ఎన్ని వచ్చినా నేను మొదట ఈ పాత మందువైపే చూస్తాను.

ఇక మీ అసలు భయం సంగతి. టవల్ తెల్లబడినట్టు చర్మం తెల్లబడుతుందా? తెల్లబడదు. గుడ్డకు వేసిన రంగు పోగుల మీదే ఉంటుంది, మందుకు నేరుగా చిక్కుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ బయటిపొర అడుగున ఉండే కణాల్లో తయారవుతూనే ఉంటుంది. మందు అంతదూరం ఆ రూపంలో వెళ్ళదు. దారిలోనే విరిగి బెంజోయిక్ ఆమ్లంగా మారుతుంది. అందులో చాలా కొద్ది భాగమే రక్తంలోకి చేరి మూత్రంలో బయటికి పోతుంది. వెంట్రుకలది మాత్రం వేరే కథ. కనుబొమలకు, నుదుటి పైన జుట్టు మొదలయ్యే చోటికి తగిలితే అక్కడి వెంట్రుకల రంగు నిజంగానే వెలిసిపోవచ్చు. అక్కడ జాగ్రత్త పడండి.

తెల్లబడటం కంటే దానికి ఎదురుది జరగడమే నిజమైన ప్రమాదం. చర్మం మండి, ఎర్రబడి, రేగిపోతే అది మానేటప్పుడు నల్లటి మచ్చ వదులుతుంది. చామనఛాయ, నలుపు ఉన్నవాళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. మొటిమలు తగ్గించుకోబోయి ముఖమంతా మచ్చలు చేసుకున్నవాళ్ళను చూసినప్పుడు మందును తిట్టాలనిపించదు, వాడిన తొందర గుర్తొస్తుంది. మీ ఉత్తరంలో నాకు కనిపించింది కూడా ఆ తొందరే.

పొరపాటు శాతం దగ్గరే మొదలైంది. నాలుగు రెట్లు మందు ఉంటే నాలుగు రెట్లు పనిచేస్తుందని ఎవరైనా అనుకుంటారు. 2.5, 5, 10 శాతం జెల్‌లను పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనం ఒకటి 1986లోనే వచ్చింది. ఎర్రటి మొటిమలు తగ్గించడంలో మూడూ దాదాపు సమానంగా నిలిచాయి. పొట్టు, ఎరుపు, మంట మాత్రం 10 శాతంతో చూస్తే 2.5 శాతంలో తక్కువ. బ్యాక్టీరియాను చంపడానికి చాలినంత మందు చిన్న శాతంలోనే అందుతోంది, ఆపైన పోసిందంతా చర్మాన్ని కాల్చడానికే ఖర్చవుతోందన్నమాట. దాని మీద మీరు రోజుకు రెండుసార్లు, అదీ మందంగా పట్టించారు. నాలుగు రోజులైనా ఓర్చుకుంది మీ చర్మం, గట్టిదే.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటి ఉంది. దాన్ని దాదాపు అందరూ చేస్తారు, చదువుకునే రోజుల్లో నేనూ చేశాను. పొద్దున్నే అద్దం ముందు నిలబడి ఏ మొటిమ పొడుచుకొస్తే దాని నెత్తిన బొట్టు పెట్టినట్టు జెల్ పెట్టడం! మొటిమ కంటికి కనబడేసరికి దాని కథ సగం అయిపోయినట్టే. గొట్టం లోపల ముద్దకట్టడం కొన్ని వారాల కిందటే మొదలైంది. ఈరోజు మీ బుగ్గ మీద నున్నగా కనిపించే చోట, వచ్చే నెల రాబోయే మొటిమలు ఇప్పటికే లోపల సిద్ధమవుతున్నాయి. ఈ మందు ముఖ్యంగా పనిచేయాల్సింది వాటి మీద. కాబట్టి మొటిమ మీద కాదు, మొటిమలు వచ్చే ప్రాంతమంతా పలుచగా రాయాలి. మీ విషయంలో రెండు బుగ్గలూ, గడ్డమూ.

రెండు వారాలకు ఫలితం కనిపించకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. మీరు మందు మొదలుపెట్టే నాటికే లోపల పుట్టి ఉన్నవి వరసగా బయటికి వస్తూనే ఉంటాయి. కొత్తవి పుట్టడం తగ్గిందని తెలియాలంటే ముందు ఆ పాతవి అయిపోవాలి. దానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మంట, పొట్టు మొదటి వారాల్లో ఎక్కువగా ఉండి, చర్మం అలవాటుపడే కొద్దీ తగ్గుతాయి. అంటే మీరు కష్టమంతా పడి, లాభం మొదలయ్యేలోపే ఆపేశారు. ఇది వినడానికి బాధగానే ఉంటుంది, నాకు తెలుసు.

మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ముందు ముఖాన్ని కోలుకోనివ్వండి. పొట్టు, మంట పూర్తిగా పోయేదాకా మెత్తటి ఫేస్‌వాష్, వాసనలేని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్ తప్ప ఇంకేమీ వద్దు. తర్వాత 2.5 శాతం జెల్ గానీ క్రీమ్ గానీ తీసుకోండి. మొదటి 3 రోజులు మొటిమలున్న ఒకటి రెండు చిన్న చోట్ల మాత్రమే రాసి చూడండి. బెంజాయిల్ పెరాక్సైడ్, సాలిసిలిక్ ఆమ్లం ఉన్న మొటిమల ఉత్పత్తులతో అరుదుగా తీవ్రమైన ఎలర్జీ వస్తోందని 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించినప్పుడు ఇచ్చిన సలహా ఇదే. మీరు రెండు వారాలు వాడారు కాబట్టి అవసరం లేదనుకోకండి, కొత్త ఉత్పత్తి అంటే అందులో కలిపిన మిగతా పదార్థాలు కూడా కొత్తవే.

ఏమీ కాకపోతే రోజు విడిచి రోజు, రాత్రిపూట. ముఖం కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఆరనివ్వాలి. తడి చర్మం మీద రాస్తే మంట ఎక్కువ. బఠానీ గింజంత జెల్ మొత్తం ముఖానికి చాలు. కళ్ళ చుట్టూ, ముక్కు పక్కన మడతల్లో, పెదవుల మూలల్లో రాయొద్దు. మందు ఆరాక పైన మాయిశ్చరైజర్ రాయండి. చర్మం మరీ నాజూకైతే మాయిశ్చరైజర్ ముందు రాసి మందు తర్వాత రాసినా తప్పులేదు, కొంచెం మెల్లగా పనిచేసినా మధ్యలో మానేయడం కంటే అదే నయం. రెండు మూడు వారాలు ఇబ్బంది లేకుండా గడిస్తే రోజూ రాత్రి వాడండి. కొంచెం లాగినట్టు ఉండటం, సన్నటి పొట్టు మామూలే. అవి ఎక్కువైతే రెండు రోజులు ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. అదేం ఓటమి కాదు.

అలా కూడా తట్టుకోలేకపోతే ఇదే మందుతో ఫేస్‌వాష్‌లు ఉన్నాయి. రాసి రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగేయాలి. నురగ వచ్చిందో లేదో కడిగేస్తే డబ్బు కాలువలో పోసినట్టే.

మంటకూ ఎలర్జీకీ తేడా మాత్రం తెలుసుకోవాలి. మందు రాసినంత మేర పొడిబారి, చురచురలాడి, రెండు రోజులు ఆపితే సర్దుకుంటే అది మంట. విపరీతంగా దురద పెట్టినా, దద్దుర్లు రాయని చోటికి కూడా పాకినా, నీటిపొక్కులు లేచినా అది ఎలర్జీ కావచ్చు. అప్పుడు శాతం తగ్గించి చూద్దామనుకోవద్దు, మందు పూర్తిగా ఆపేసి డాక్టర్‌కు చూపించండి. కనురెప్పలు, పెదవులు, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

తొందర ఉన్నవాళ్ళకు ఇంకో అలవాటు ఉంటుంది, అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం. బెంజాయిల్ పెరాక్సైడ్, సాలిసిలిక్ ఆమ్లం, గరుకు స్క్రబ్, విటమిన్ సి సీరమ్ అన్నీ ఒకే ముఖం మీద! స్క్రబ్‌తో ముందు పని లేదు, పక్కన పడేయండి. డాక్టర్ అడాపలీన్ కూడా రాస్తే రెండూ కలిపి వాడొచ్చు, రెండూ కలిసిన జెల్‌లే ఉన్నాయి. ట్రెటినోయిన్ (ఇదీ ఒక రెటినాయిడే) అయితే పాత రకాలను ఈ ఆక్సిజన్ రాడికల్స్ విరగ్గొట్టేస్తాయి, అందుకే ఒకటి పొద్దున, ఒకటి రాత్రి అని చెబుతారు. మొటిమలకే వాడే డాప్సోన్ జెల్‌తో కలిస్తే చర్మం తాత్కాలికంగా పసుపు, నారింజ రంగుకు తిరగొచ్చు. మీకు ఎవరైనా అది రాసి ఉంటే ముందే చెప్పండి, లేకపోతే టవల్ తర్వాత ఇంకో భయం మొదలవుతుంది.

మీరు అడగలేదు గానీ, బెంజీన్ గురించి ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. బెంజాయిల్ పెరాక్సైడ్ విరిగేటప్పుడు క్యాన్సర్ కారకమైన బెంజీన్ పుట్టొచ్చని, వేడిలో అది ఎక్కువవుతుందని 2024లో ఒక ప్రైవేటు ల్యాబ్ బయటపెట్టాక పెద్ద కలకలం రేగింది. ఎఫ్‌డీఏ తర్వాత 95 ఉత్పత్తులను పరీక్షించి 2025 మార్చిలో ఫలితాలు ప్రకటించింది. 90 శాతానికి పైగా ఉత్పత్తుల్లో బెంజీన్ అసలు కనబడలేదు, లేదా చాలా చాలా తక్కువ ఉంది. ఎక్కువగా ఉన్న కొన్నింటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. దీన్నిబట్టి మందు మానేయనక్కర్లేదు గానీ, ఎండలో ఆపిన కారులో, కిటికీ పక్కన, పొయ్యి దగ్గర ట్యూబ్ వదిలేయకండి. గడువు దాటింది వాడకండి. ఇంట్లో చల్లటి చోట పెడితే చాలు.

12 వారాలు సరిగ్గా వాడినా లాభం లేదంటే మందు చెడ్డదని కాదు, మీ మొటిమలకు ఇదొక్కటే చాలదని. లోతుగా గడ్డలు కట్టి నొప్పి పెట్టేవి, మానాక గుంటలు వదిలేవి అయితే అసలు 12 వారాలు ఆగొద్దు, ఇప్పుడే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి. గుంటలు పడ్డాక పూడ్చడం కష్టం. మొటిమలతోపాటు నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నా హార్మోన్ల పరీక్ష అవసరం. నుదుటి మీద ఒకే సైజులో, దురదతో వచ్చే సన్నటి పొక్కులు చాలాసార్లు మొటిమలే కావు, ఈస్ట్ అనే ఫంగస్ వల్ల వస్తాయి, వాటికి మందు వేరు. ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ ముఖానికి రాస్తుంటే ఆ విషయం దాచకుండా చెప్పండి, ఆ క్రీమ్‌తోనే మొటిమలు పుడతాయి. గర్భంతో ఉన్నవాళ్ళకు సాధారణంగా ఈ మందు పరవాలేదంటారు, అయినా డాక్టర్‌కు ఒకమాట చెప్పి వాడటం మంచిది. మొటిమ పోయాక మిగిలే నల్లమచ్చ మీద దీనికి పని లేదు. అది నెలల మీద నెమ్మదిగా మానుతుంది, ఈలోపు సన్‌స్క్రీన్ మానకపోవడమే మీరు చేయగల పెద్ద సాయం.

దిండు గలీబు, ముఖం తుడుచుకునే టవల్ తెల్లవి వాడండి, ఇక మచ్చల గొడవ ఉండదు. రాసుకున్నాక చేతులు కడుక్కోండి, లేకపోతే చున్నీ అంచుల మీద ఆ వేళ్ళ ముద్రలు కనిపిస్తాయి.

మిగిలిన ఆ 10 శాతం ట్యూబ్ ఏం చేయాలంటారా? వీపు మీద మొటిమలుంటే అక్కడ రాసుకోవచ్చు. ముఖం కంటే వీపు చర్మం మందం, ఎక్కువ శాతాన్ని ఓర్చుకుంటుంది, రంగు చొక్కాలు మాత్రం ఓర్చుకోవు. వీపు మీద మొటిమలు లేకపోతే, ఈ ఒక్క విషయంలో అమ్మగారి మాట వినండి, పారేయండి.